తీపికి కారం తోడు: తెలుగు నేల జంట వంటకాలు

దిబ్బరొట్టెను చెరకు పానకంలో ముంచుకుని తినడం గోదావరి జిల్లాల్లో మామూలు సంగతి. అదే రొట్టెకు కొబ్బరి పచ్చడో అల్లం పచ్చడో తప్ప మరొకటి ఊహించలేని ఇళ్ళు తెలుగు నేల మీదే బోలెడు. పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కుని, నడుమ నడుమ ఊరగాయ ముక్క నంజుకునే అలవాటూ అంతే. ఎరిగినవాళ్ళకు అది వేసవి భోగం, ఎరగనివాళ్ళకు వికారం. ఇలా తీపినీ, ఉప్పు పులుపు కారాలనూ ఒకే పూట, ఒకే విస్తట్లో, కొన్నిసార్లు ఒకే ముద్దలో తినే జంటలు ఆంధ్ర, తెలంగాణల్లో ప్రతి ప్రాంతంలోనూ ఉన్నాయి. హోటళ్ళలో ఇవి తక్కువ, ఇళ్ళలో ఎక్కువ. పండగ పూటా, పుట్టింటికి వచ్చినప్పుడూ, ఒంట్లో నలతగా ఉండి అన్నం సహించనప్పుడూ మనసు వెళ్ళేది వీటి మీదికే. వీటిని నాలుక చాపల్యంలోంచి పుట్టిన వింతలుగా తీసిపారేయడం పరిపాటి. ఉన్న ఆధారాలు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి. ఈ జంటల వెనుక ఒక పద్ధతి ఉంది. ఒక పక్క చప్పగానో కమ్మగానో ఉండే పిండివంట లేదా అన్నం, రెండో పక్క దానికి ఎదురు రుచి. రెండూ కలిసి మూడో రుచి కావడం ఇక్కడ ముఖ్యం కాదు. ఒకదాని వెగటును మరొకటి విరవడం ముఖ్యం. ఆ ఎదురు రుచి ఏ ఊళ్ళో ఏ రూపంలో ఉండాలో అక్కడి పంట, అక్కడి పండగ నిర్ణయించాయి.

ముందు పంట సంగతి. చెరకు రసాన్ని కాచేటప్పుడు అచ్చులో పోసి గట్టిపరిచే దశ రాకముందే దించేసిన చిక్కని పాకమే చెరకు పానకం. గానుగలు ఆడే ప్రాంతంలో అది చవక, తాజా. గానుగ లేని ఊరికి చేరేది బెల్లం అచ్చే గనుక పానకం పోసుకుని తినే అలవాటు అక్కడ బలపడలేదు. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుట్లో సన్నసెగ మీద మగ్గనిచ్చే దిబ్బరొట్టె పైన కరకరలాడుతుంది, లోపల దూదిలా ఉంటుంది. రుచి మాత్రం ఉప్పు తగిలిన కమ్మదనం ఒక్కటే. దానికి పచ్చడి ఎంత ఎదురో పానకమూ అంతే ఎదురు. ఉత్తరాంధ్రలో ఈ తీపి పక్క గిన్నెలోంచి నేరుగా పులుసులోకే దిగింది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లి ఉన్నది అక్కడే. గుమ్మడికాయ, చిలగడదుంప వేసి చింతపండు పులుసులో బెల్లం బాగా తగిలించి కాచే ముక్కల పులుసు కోస్తా అంతటా ఉన్నా, విశాఖ, విజయనగరం వైపు వెళ్ళేకొద్దీ బెల్లం పాలు పెరుగుతుంది. గుంటూరు నాలుకకు అది పాయసంలా తోచవచ్చు. అయితే ఆ పులుసును ఒంటిగా ఎవరూ తినరు. ఉప్పు తక్కువగా ఉండే ముద్దపప్పు, నెయ్యి దానికి జత.

మామిడి విషయం ఇంకా సూటిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ జంటలోని రెండు పక్కలూ ఒకే చెట్టు ఇచ్చినవి. ఏప్రిల్, మే నెలల్లో పుల్లటి కాయ ఆవకాయ జాడీలోకి వెళుతుంది. అది ఊరి తినడానికి పదును పట్టే నాటికి రసాలూ బంగినపల్లీ పండుతాయి. ఎండ మండే రోజుల్లో చల్లబెట్టిన పెరుగన్నం ఎలాగూ ఉంటుంది. ఈ మూడూ ఒకే కంచంలో చేరడానికి ఎవరూ ప్రయోగం చేయక్కర్లేదు, ఋతువే ఆ పని చేసింది. బెల్లం ఆవకాయ ఇంకో అడుగు ముందుకు వేసింది: ఆవపిండి ఘాటు, కారం, కాయ పులుపు, బెల్లం తీపి అన్నీ ఒకే ముక్కకు పట్టి ఉంటాయి. పిల్లల కోసం పెడతామని చెప్పి పెద్దలు ఖాళీ చేసే జాడీ ఇది.

రాయలసీమ, తెలంగాణలకు వస్తే జంట పద్ధతికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ భక్ష్యాలు. కోస్తాలో బొబ్బట్లని, సీమలో ఓళిగలని, తెలంగాణలో భక్ష్యాలనీ పోలెలనీ పిలిచే ఈ వంటకానికి పప్పు ఉడకబెట్టి వార్చాలి. వార్చిన నీళ్ళనే కట్టు అంటారు. పప్పు బెల్లంతో కలిసి పూర్ణమవుతుంది, కట్టు చింతపండు, మిరియం, కరివేపాకులతో కలిసి చారవుతుంది. కొన్ని ఇళ్ళలో ఆ చారులో చెంచాడు పూర్ణం కూడా వేస్తారు. అంటే ఒకే గిన్నెలో ఉడికిన గింజలోంచి తీపి ఒక దారిన, పులుపు ఒక దారిన వెళ్ళి మళ్ళీ విస్తట్లో కలుసుకుంటాయి. మహారాష్ట్రలో పూరణ్ పోళీకి కటాచీ ఆమ్టీ, కర్ణాటకలో హోళిగెకు ఒబ్బట్టు సారు సరిగ్గా ఇదే అమరికలో ఉన్నాయి. ఇది తెలుగువారి ప్రత్యేకత అని చెప్పుకోవడం కన్నా దక్కను పీఠభూమి అంతటా పరచుకున్న పద్ధతి అనడమే సబబు. సీమలో గుంతపొంగణాలు మరో రకం చూపిస్తాయి. ఒకే పిండిని రెండు గిన్నెల్లోకి తీసి ఒకదాంట్లో బెల్లం, రెండోదాంట్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి ఒకే పెనం మీద వేస్తారు.

హైదరాబాదు దారి కొంత వేరు. అక్కడ ఈ జంట టీ కప్పు చుట్టూ అల్లుకుంది. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీదుగా పిలిచే ఉస్మానియా బిస్కెట్‌ను కొరికితే మొదట వెన్న, వెంటనే ఉప్పు, చివరికి తీపి తెలుస్తాయి. బాగా మరిగిన డికాక్షనుకు చిక్కటి పాలు కలిపే ఇరానీ చాయ్ తియ్యగానే ఉంటుంది కాబట్టి, బిస్కెట్‌లోని ఉప్పు లేకపోతే రెండూ ఒకే దిక్కుకు లాగేవి. పెళ్ళిచూపుల్లో పెట్టే స్వీటూ హాటూ కాఫీ కూడా ఇదే లెక్క. లడ్డూ పక్కన కారప్పూస పెట్టని ఇంటివాళ్ళను మర్యాద తప్పినట్టే చూస్తారు; దానికి కారణం మర్యాద ఒక్కటే కాదు.

పంట ముడిసరుకు ఇస్తే, దాన్ని ఏటా మరిచిపోకుండా వండించింది పండగ. శ్రీరామనవమి పందిట్లో పానకం, వడపప్పు కలిసే వస్తాయి. బెల్లపు నీళ్ళలో మిరియం, ఏలకి; పక్కన నానిన పెసరపప్పులో ఉప్పు, కొబ్బరి, చాలాచోట్ల మామిడి కోరు, పచ్చిమిర్చి. మంగళగిరి కొండ మీది నరసింహస్వామికి పానకమే నివేదన, ఆ దేవుడి పేరే పానకాలస్వామి. ఆశ్వయుజ బహుళ తదియ నాడు అట్లతద్ది నోము పట్టిన ఆడపిల్లలు తెల్లవారుజామున గోంగూర పచ్చడితో, పెరుగుతో అన్నం తిని, పగలంతా ఉపవాసముండి, చంద్రోదయం తర్వాత అట్లకు బెల్లం జత చేసుకుంటారు. ఉగాది పచ్చడి అందరికీ తెలిసిందే కనుక దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నిజానికి అది ఈ వ్యాసవిషయానికి కాస్త దూరం కూడా: ఆరు రుచులనూ ఒకే గిన్నెలో కలిపే ఆ పచ్చడి ఏడాదికి ఒక్క పూట తినే సంకేతం, కడుపు నింపుకునే తిండి కాదు. అంతకన్నా గట్టి సాక్ష్యం గారెలు, పరమాన్నం. పెద్దల తద్దినంలోనూ, పెళ్ళిలోనూ, నోములోనూ ఉప్పు గారె, తీపి పరమాన్నం ఒకే విస్తట్లో ఉంటాయి. కనుమ నాడు అదే గారె కోడికూరకు జతవుతుంది. గారె మారలేదు, ఎదురు రుచి మారింది. తిరుమల ప్రసాదాల్లో లడ్డూ, చక్కెర పొంగలి ఒక వైపు, వడ, పులిహోర, మిరియాల పొంగలి ఇంకో వైపు ఉండటం ఈ అమరికను గుడి కూడా గౌరవించిందనడానికి గుర్తు.

ఈ పద్ధతి వయసెంత? మిరపకాయ దక్షిణ అమెరికా, మధ్య అమెరికాల నుంచి పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో వచ్చింది. కాబట్టి నేటి కారం జంటలన్నీ ఈ రూపంలో అంతకన్నా పాతవి కాలేవు. నవమి పానకంలో ఘాటు కోసం మిరియమే ఉండటం, నైవేద్యాల్లో మిరపకన్నా మిరియానికే పెద్దపీట దక్కడం పాత పొరను చూపిస్తాయి. పశ్చిమ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరున ఉన్న 12వ శతాబ్దపు సంస్కృత గ్రంథం మానసోల్లాసంలో పాలలో నానిన వడలూ పెరుగులో నానిన వడలూ రెండూ ఉన్నాయి. నేటి పాకం గారెలకూ ఆవడలకూ అవే పూర్వీకులని తేల్చి చెప్పలేకపోయినా, ఉప్పు వడకు తీపి, పులుపు జతలు పెట్టడం అప్పటికే వంటింటి పరిజ్ఞానమని ఒప్పుకోక తప్పదు. భోజనం చివర తీపి తినడం ఐరోపా వరస. సుశ్రుత సంహిత మొదట తీపి, నడుమ పులుపు ఉప్పు, ఆ తర్వాత మిగతావి తినమంటుంది. తెలుగు విస్తట్లో తీపి వడ్డన ముందే జరుగుతుంది, పైగా దాన్ని తినేసి ముందుకు పోవాలన్న నియమం లేదు. నడుమ ఎప్పుడైనా ఒక ముద్ద పెట్టుకోవచ్చు. తీపికి వేరే గది కట్టని ఈ అమరిక లేకపోతే పైన చెప్పిన జంటలు పుట్టేవే కావు.

ఇక నాలుక సాక్ష్యం. తినగ తినగ గారెలు చేదు అన్న సామెతలోని సంగతిని 1981లో బార్బరా రోల్స్ బృందం ప్రయోగశాలలో చూపించింది. ఒక పదార్థం తింటూ ఉంటే దాని మీద ఇష్టం తగ్గుతుంది, ఇంకా తినని వేరే రుచి పదార్థం మీద అంతగా తగ్గదు. కడుపు నిండటం ఒకటి, నాలుక విసగడం ఒకటి. జంట వంటకం చేసేది రెండోదాన్ని వాయిదా వేయడం. ఉప్పు పని కూడా తెలుస్తూనే ఉంది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రానికి చెందిన బ్రెస్లిన్, బోషాం 1997లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, చేదు తీపి కలిసిన ద్రావణంలో కొద్దిగా సోడియం లవణం వేస్తే చేదు అణిగి తీపి పైకి తేలుతుంది. ముదురు బెల్లంలో కాస్త చేదు, మాడువాసన ఉంటాయి. ఉప్పు తగిలిన దిబ్బరొట్టెతో తిన్నప్పుడు పానకం మరింత తియ్యగా తోచడానికి ఇదో కారణం కావచ్చునని ఊహించవచ్చు. కారం అసలు రుచి కాదు, నొప్పి. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్నే తట్టి లేపుతుందని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనుగొంది, ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో సగం దక్కింది. చక్కెర ఆ మంటను తగ్గిస్తుంది, పాలలోని ప్రొటీను, కొవ్వు ఇంకా తగ్గిస్తాయి. పెరుగన్నం, మామిడిపండు, ఆవకాయ వరసలో ఈ రెండు విరుగుళ్ళూ ఉన్నాయి.

వాసన ద్రవ్యాల లెక్కలూ ఇటే చూపిస్తున్నాయి. సువాసన అణువులు ఒకేలా ఉన్న పదార్థాలే బాగా కలుస్తాయన్న సిద్ధాంతం పాశ్చాత్య వంటలకు చాలావరకు సరిపోతుందని, తూర్పు ఆసియా వంటలకు సరిపోదని 2011లో ఒక అధ్యయనం తేల్చింది. 2015లో జోధ్‌పూర్ ఐఐటీలో గణేశ్ బాగ్లర్ బృందం ఎనిమిది భారతీయ వంట సంప్రదాయాల్లోని 2,500 పైచిలుకు వంటకాలను పరిశీలించి, ఇక్కడ పోలిక లేని పదార్థాలను కలపడమే ప్రధాన లక్షణమని చెప్పింది. ఆ ఎనిమిదింట్లో దక్షిణ భారతమంతా కలిపి ఒకటే. తమిళ సాంబారూ, పల్నాటి పచ్చడీ ఒకే మూటలో కట్టిన లెక్క నుంచి తెలుగు జంటల మీద తీర్పు లాగడం తగదు. పైగా ఆ అధ్యయనం ఒక వంటకం లోపలి దినుసులను చూసిందే గానీ, రెండు వంటకాలను పక్కపక్కన పెట్టి తినడాన్ని కాదు. దిక్కు మాత్రం అదే.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఆయుర్వేదం నుంచి రావచ్చు. విరుద్ధాహారమన్న భావన చరకుడి నాటిది. వాగ్భటుడి అష్టాంగహృదయం అరటిపండును పెరుగుతో, మజ్జిగతో తినకూడని జాబితాలో చేర్చింది. తెలుగువారు పెరుగన్నంలో చక్రకేళి నంజుకోవడం మానలేదు. సంప్రదాయాన్ని గౌరవించే ఇళ్ళలోనే, మడి కట్టుకుని వండిన పెరుగన్నంతోనే ఈ ఉల్లంఘన జరుగుతోంది! దీన్ని అజ్ఞానమనడం తేలిక. అయితే అదే శాస్త్రం ఒక సడలింపు కూడా ఇచ్చింది. అలవాటైనవారికి, కొద్దిగా తినేవారికి, జీర్ణశక్తి బలంగా ఉన్నవారికి విరుద్ధాహారం కీడు చేయదని చరక సంహితే అంటుంది. అలవాటుకు అంత విలువిచ్చిన శాస్త్రాన్ని ప్రాంతీయ అలవాట్ల మీదికి నిషేధంలా ప్రయోగించడం ఆ శాస్త్రాన్ని సగమే చదవడం.

ఇదంతా పొదుపు తప్ప రుచి పరిజ్ఞానం కాదనే వారూ ఉంటారు. కట్టు పారబోయలేక చారు కాచారు, కూర లేక రొట్టెకు పానకం పోసుకున్నారు అంటారు. ఇందులో సగం నిజముంది. కట్టు చారు పుట్టుక పొదుపే కావచ్చు. కానీ పుట్టిన కారణమూ నిలిచిన కారణమూ ఒకటే కానక్కర్లేదు. కందిపప్పు కొనే స్తోమత ఉన్నవాళ్ళు వేరే చారు పెట్టుకోవచ్చు, అయినా భక్ష్యాల రోజున కట్టు చారే కావాలంటారు. కలిగిన ఇళ్ళలోనూ దిబ్బరొట్టె పక్కకు పానకం గిన్నె వస్తుంది. అవసరం తీరిపోయాక కూడా మిగిలిన జంట రుచి వల్లే మిగిలిందని అనుకోవాలి.

ఆరోగ్యం పేరుతో వచ్చే అభ్యంతరానికి మాత్రం అంత తేలికగా సమాధానం చెప్పలేం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం దేశంలో మధుమేహులు 10.1 కోట్లమంది ఉన్నారని అంచనా కట్టింది. నాలుక విసుగును వాయిదా వేసే తిండి అంటే ఎక్కువ తినిపించే తిండి అనే అర్థం. రోల్స్ ప్రయోగాలే ఆ మాటా చెప్పాయి. తీపి, ఉప్పు, కొవ్వు, పిండిపదార్థం కలిసిన కంచం మితం తప్పిస్తుంది. దీన్ని కాదనడం మొండితనం. చెప్పగలిగింది ఇంతవరకే: పాత అమరికలో ఈ జంటలకు పంచాంగం కాపలా ఉండేది. భక్ష్యం ఉగాదికో హోళీకో, అట్ల బెల్లం తద్దికి, పానకం నవమికి, మామిడిపండు ఆరు వారాలకు. ఉపవాసం, పొలం పని దానికి తోడు. ఏడాది పొడవునా డబ్బాల్లో పానకం, ఫ్రీజర్లో భక్ష్యం దొరికే రోజున ఆ కాపలా పోయింది. మధుమేహం ఉన్నవారికి ఈ వ్యాసంలోని ఏ జంటా వైద్యుడి సలహాకు ప్రత్యామ్నాయం కాదు.

వింత అన్న ముద్ర ఎంత స్థానికమో పొరుగును చూస్తే తెలుస్తుంది. ఇండోరులో పొద్దున్నే అటుకుల పోహాకు జిలేబీ తోడు, గుజరాతులో దసరా నాడు ఫాఫ్డాకు జిలేబీ తోడు, బెంగళూరు హోటళ్ళలో ఉప్మా లాంటి ఖారా భాత్, కేసరి భాత్ ఒకే పళ్ళెంలో పెట్టి చౌచౌ భాత్ అంటారు. ఉప్మాను కేసరితో తినడమేమిటని నవ్వే తెలుగువాళ్ళు తమ పెళ్ళి విస్తట్లో పులిహోర పక్కనే బూరె ఉండటాన్ని గమనించరు. ఫ్రాన్సులోని బ్రిటనీ తీరంలో ఉప్పు వెన్నతో కారమెల్ చేసి 1977లో అమ్మిన ఆంరీ ల రూకు ఆ ఘనత పేరుతో సహా దక్కింది. అక్కడా కారణం పంటే: ఉప్పు మళ్ళున్న తీరం, ఉప్పు వెన్న వాడే ప్రాంతం.

ఈ పద్ధతిని గీటురాయిగా పెట్టుకుంటే నేటి హోటళ్ళ ప్రయోగాల్లో ఏది నిలుస్తుందో చెప్పడం కష్టం కాదు. చాక్లెట్ దోశలో తీపికి ఎదురు లేదు. అది దోశ ఆకారంలో ఉన్న మిఠాయి, పిల్లల మోజు తీరాక మిగలదు. ఆవకాయ బిర్యానీలో రెండు పక్కలూ గట్టివే, విరిచే చప్పదనం ఏదీ లేదు. ఉలవచారును మీగడతో తినే కృష్ణా, గుంటూరు అలవాటు మాత్రం ఎన్ని కొత్త మెనూల్లో చేరినా చెడలేదు, ఎందుకంటే ఘాటైన చారుకు తియ్యటి వెన్న కమ్మదనం ఎదురుగా నిలబడుతుంది. కొత్త జంట కట్టాలనుకునే వంటవాళ్ళు రెండు పేరున్న వంటకాలను కలపడం కన్నా, ఒక చప్పటి వంటకానికి ఆ ఊరి పంటలోంచి ఎదురు రుచి వెతకడం మేలు.

వంటల పుస్తకాలు ఈ విషయంలో పెద్దగా సాయపడవు. అవి ఒక్కో వంటకానికి కొలతలు ఇస్తాయి, దేనితో తినాలో చెప్పవు. తీపి వంటలకు ఒక అధ్యాయం, కారాలకు మరొకటి అని విడదీయడంతోనే జంట మాయమవుతుంది. భౌగోళిక గుర్తింపు చట్టమూ అంతే. తిరుపతి లడ్డూకు 2009లో, బందరు లడ్డూకూ బంగినపల్లి మామిడికీ 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో గుర్తింపు వచ్చింది. అన్నీ విడివిడి వస్తువులే. భక్ష్యాన్ని కట్టు చారుతో తినడం వస్తువు కాదు కనుక ఆ చట్టంలో దానికి చోటు లేదు. ఇళ్ళలో వంటలు రాసిపెట్టుకునేవారు కొలతల కింద ఇంకో వరస చేర్చాలి: ఇది ఏ ఊళ్ళో, ఏ పండక్కి, దేనితో కలిపి తింటారు అని.